ముప్పై ఒకటో ఏట ఆన్‌లైన్ డిగ్రీ: చేరమంటారా, వద్దంటారా?

గాజువాక_గౌరి | జూన్ 8, రాత్రి 11:42

అందరికీ నమస్తే. ఇక్కడ చాన్నాళ్ళుగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగైపోతుంది, ఏమీ అనుకోకండి.

2012లో ఇంటర్ సీఈసీ, తెలుగు మీడియం. మరుసటేడే పెళ్ళి. ఇద్దరు పిల్లలు. పెద్దోడు ఐదో తరగతి, చిన్నది రెండు. ఆరేళ్ళుగా ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో బిల్లింగ్ కౌంటర్ చూస్తున్నాను. జీతం 14,000. మొన్న మార్చిలో అక్కడే అకౌంట్స్ సీటు ఖాళీ అయింది. టాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్లో ఎంట్రీలు, నెలాఖరు జీఎస్టీ లెక్కలు అన్నీ నా చేతిమీదుగానే వెళ్తాయి కదా, నాకే ఇస్తారనుకున్నాను. బి.కాం. అయిన ఒకమ్మాయిని తీసుకున్నారు, 21,000కి. ఆ పిల్లకి మా టాలీ అంతా నేర్పించింది నేనే. తన తప్పేం లేదు పాపం, అక్కా అక్కా అని వెనకే తిరుగుతుంది. కానీ ఆ రోజు ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

అప్పట్నుంచి ఆన్‌లైన్ డిగ్రీల గురించి వెతుకుతున్నాను. ఎక్కడో ఒకచోట నంబరు ఇచ్చినట్టున్నాను, రోజుకి నాలుగు ఫోన్లు. ఒకాయనైతే "మేడమ్, ఈ రాత్రి 8 లోపు 5,000 కట్టి సీటు బ్లాక్ చేసుకుంటే 20 శాతం స్కాలర్‌షిప్" అంటున్నాడు. మూడేళ్ళకి మొత్తం 1,20,000, నెలనెలా కట్టుకోవచ్చట. మా మామగారు "ఇంట్లో కూర్చుని చదివితే అదేం డిగ్రీ, దానికెవడు ఉద్యోగమిస్తాడు" అంటారు. మా ఆయన "నీ ఇష్టం" అంటారు. ఆ మాటకి అర్థమేంటో పెళ్ళయినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

చేరమంటారా? ఆన్‌లైన్ డిగ్రీకి నిజంగా విలువ ఉందా?

నిజం_నిష్ఠూరం | జూన్ 9, ఉదయం 6:15

వాట్సాప్ డిగ్రీలు తల్లీ అవి. వీడియో ఆన్ చేసి పప్పు కుక్కర్ పెట్టుకోవడం, మల్టిపుల్ చాయిస్ టిక్కులు కొట్టడం. ఆ లక్షా ఇరవై వేలు చీటీ వేసుకోండి.

హెచ్‌ఆర్_హైదరాబాదీ | జూన్ 9, ఉదయం 9:30

పైన ఆయన మాట పక్కన పెట్టండి. గౌరి గారూ, విలువ ఉందా అన్నదానికి రెండు జవాబులున్నాయి.

చట్టం ప్రకారమైతే ఉంది. యూనివర్సిటీలని నియంత్రించే యూజీసీ 2020లో తెచ్చిన రెగ్యులేషన్ల ప్రకారం, అనుమతి ఉన్న యూనివర్సిటీ దూరవిద్యలో గానీ ఆన్‌లైన్లో గానీ ఇచ్చే డిగ్రీ, రెగ్యులర్ డిగ్రీతో సమానం. "ఏదైనా డిగ్రీ" అని అడిగే గ్రూప్స్‌కీ, బ్యాంకు పరీక్షలకీ అది చాలు. ఇక్కడ "అనుమతి ఉన్న" అన్నదే అసలు మాట. యూనివర్సిటీకి అనుమతి ఉంటే సరిపోదు, మీరు చేరే కోర్సుకి, మీరు చేరే ఏడాదికి ఉండాలి. యూజీసీ దూరవిద్యా బ్యూరో వెబ్‌సైటులో ప్రతి సెషన్‌కీ జాబితా పెడతారు. అది చూడకుండా ఎవరికీ రూపాయి కట్టకండి. ఆన్‌లైన్ డిగ్రీ పెట్టాలంటే యూనివర్సిటీకి నాక్ (నాణ్యత చూసి గ్రేడులిచ్చే సంస్థ) స్కోరు 4కి కనీసం 3.01 ఉండాలనో, కేంద్రం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో మొదటి వందలో ఉండాలనో షరతులున్నాయి, అందుకే అందరికీ దొరకదు. ఇంజనీరింగు, నర్సింగు, న్యాయశాస్త్రం లాంటివి ఆన్‌లైన్లో ఇవ్వనే ఇవ్వకూడదు. దూరవిద్యలో కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు ఇచ్చిన బీటెక్‌లు 2017లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఏమయ్యాయో ఆ బ్యాచ్‌లవాళ్ళని అడగండి.

రెండోది, కంపెనీల సంగతి. ప్రకటనలోనే "ఫుల్‌టైమ్ రెగ్యులర్ మాత్రమే" అని రాసే కంపెనీలు ఇంకా ఉన్నాయి. నేను పనిచేసినచోట్ల చూసింది చెప్తాను: కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన పిల్లల్ని తీసుకునేటప్పుడు ఆ పట్టింపు ఎక్కువ. ఆరేళ్ళ అనుభవం ఉండి డిగ్రీ లేక ఆగిపోయినవాళ్ళ విషయంలో, ఫారంలో ఆ గడి నిండిందా లేదా అని చూస్తారు, అంతే. మీది రెండో రకం.

కువైట్_కడపోడు | జూన్ 9, మధ్యాహ్నం 1:05

అక్కా, ఆ నెలనెలా కట్టుకోవచ్చు అనే మాట దగ్గర నేను కాలు జారినా. మీరు జారగాకండి.

నేనిక్కడ డ్రైవరుగా ఉండా. రెండేండ్ల కింద ఆన్‌లైన్ బీబీఏలో చేరినా, పేరెందుకులే. శుక్రవారం ఒక్కరోజే సెలవు, ఆ రోజు గుడ్డలుతుక్కునే పనే సరిపోతాది. రెండో సెమిస్టర్‌కే మానేసినా. నేను చదువు మానేసినా గానీ నెలనెలా కట్టేది మాత్రం ఆగలేదు. అప్పుడు తెలిసింది, అది ఫీజు వాయిదా కాదు, నా పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీలో తీసిన లోను అని. యూనివర్సిటీకి డబ్బు ఎప్పుడో ముట్టింది. నేను కట్టాల్సింది ఫైనాన్స్ వాళ్ళకి. పదకొండు నెలలు చదవని చదువుకి డబ్బు కట్టినా. ఫోన్లో ఓటీపీ అడిగితే, అది దేనికని అడక్కుండా చెప్పగాకండి.

[ఈ పోస్టు తొలగించాం: ఏజెంట్ ఫోన్ నంబరు, "ఒకే ఏడాదిలో డిగ్రీ, పాత తేదీతో" ప్రకటన. — మోడరేటర్_2]

మోడరేటర్_2 | జూన్ 9, సాయంత్రం 4:20

ఇలాంటివి ఎవరికైనా మెసేజ్‌లో వస్తే నాకు పంపండి. మూడేళ్ళ డిగ్రీని ఒక్క ఏడాదిలో ఇచ్చేవాడు మోసగాడు, ఇందులో వాదన లేదు.

గోదారి_పిల్ల | జూన్ 9, రాత్రి 9:50

నేను పోయినేడు ఆన్‌లైన్లో బి.కాం. పూర్తి చేశానండి, మాది భీమవరం దగ్గర. క్లాసుల గురించి అందరూ చెప్తారు, నేను పరీక్ష గురించి చెప్తాను.

ఇంట్లోనే, లాప్‌టాప్ ముందు. కెమెరా, మైకు ఆన్. ముందు గది నాలుగు మూలలా లాప్‌టాప్ తిప్పి చూపించాలి. బీరువాకి అద్దం ఉంది కదా, అందులో నా నీడ కదులుతుంటే ఇంకెవరో ఉన్నారని వార్నింగు. దుప్పటి తెచ్చి కప్పాను. మూడో రోజు శ్రీరామనవమి పందిట్లో మైకు. ఆడియో వార్నింగు రెండుసార్లు. ఆడియోకే మూడోది వస్తే పరీక్ష రద్దు. ఇంతలో మా అమ్మ తలుపు తీసి "ఏవే, పానకం తాగుతావా?" అంది. నేను కదల్లేదు, తల తిప్పలేదు, కళ్ళతోనే వద్దన్నాను. కళ్ళు పక్కకి తిప్పినందుకు ఇంకో రకం వార్నింగు. ఏ దేవుడు చూశాడో గానీ పాసయ్యాను.

నాకు పెళ్ళి కాలేదు, గది ఉంది. మీకు ఇద్దరు పిల్లలు. మూడు గంటలు తలుపు గడియ పెట్టుకోగలరేమో చూసుకోండి అక్కా. అన్ని యూనివర్సిటీల్లోనూ ఇలాగే ఉండదు, కొందరు సెంటరుకి రమ్మంటారు. చేరే ముందే అడగండి.

గాజువాక_గౌరి | జూన్ 10, రాత్రి 12:08

కడప తమ్ముడూ, నీ పోస్టు చదివి మొదట చేసిన పని ఆ 5,000 ఆయన నంబరు బ్లాక్ చేయడం. వేరే నంబరు నుంచి చేశాడు. అదీ బ్లాక్.

గోదారి చెల్లీ, పానకం దగ్గర నవ్వాను గానీ తర్వాత ఏడుపొచ్చింది. మాది ఒక్క బెడ్‌రూమ్ పోర్షన్. స్నానాల గదిలో ఉన్నా తలుపు కొట్టి "అమ్మా, నా రబ్బరేదీ" అంటారు. పైగా లాప్‌టాప్ లేదు, నా ఫోనే. అదీ రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా పెద్దోడి హోమ్‌వర్కుకి వాడి చేతిలో ఉంటుంది. ఆన్‌లైన్ అంటే బస్సెక్కి వెళ్ళక్కర్లేదు కదా అనే చూశాను. కూర్చోడానికి చోటుందా అని చూసుకోలేదు.

మెదక్_పోరడు | జూన్ 10, రాత్రి 12:30

అక్కా, నేను ఐఐటీ మద్రాస్ బీఎస్ డేటా సైన్స్ చేస్తున్న, పగటిపూట మొబైల్ షాపుల పని. క్లాసులన్నీ ఆన్‌లైనే, పరీక్షలకు మాత్రం సెంటర్‌కు పోవాలె. ఆదివారం పొద్దుగాల బస్సెక్కి హైదరాబాద్ పోయి రాసొస్త. జేఈఈ అక్కర్లే, నాలుగు వారాలు వాళ్ళ పాఠాలే చదివి క్వాలిఫయర్ రాస్తే సీటిస్తరు. మధ్యల ఆపినా ఫౌండేషన్, డిప్లొమా, బీఎస్సీ అని ఎక్కడి కాగితం అక్కడ చేతికిస్తరు. మీకు కామర్స్ కావాలె, ఇది మీకు పనికిరాదు. ఆన్‌లైన్ అంటే టిక్కులు కొట్టుడే అన్న పెద్దమనిషి కోసం రాసిన. స్టాటిస్టిక్స్ నేను రెండుసార్లు తప్పిన.

నిజం_నిష్ఠూరం | జూన్ 10, ఉదయం 6:40

తమ్ముడూ, నీది వేరు. నేనన్నది అందరి గురించి కాదు.

రిటైర్డ్_క్యాషియర్ | జూన్ 10, ఉదయం 10:15

అమ్మాయ్, నాకు డెబ్భై దాటాయి. ఇంట్లో కూర్చుని చదివితే అదేం డిగ్రీ అన్న మాట నేను 1976లోనే విన్నాను.

ఆంధ్రా యూనివర్సిటీ 1972లో కరెస్పాండెన్స్ కోర్సులు పెట్టింది. నేను రాజాం దగ్గర సహకార బ్యాంకులో గుమాస్తాని. బి.కాం.కి కట్టాను. పాఠాలు పోస్టులో కట్టలు కట్టలుగా వచ్చేవి, సైక్లోస్టైల్ చేసినవి, కొన్ని పేజీల్లో సిరా అలుక్కుపోయి సగం అక్షరాలు ఊహించుకోవాల్సి వచ్చేది. మా పోస్టుమ్యాను "ఏం బాబూ, మళ్ళీ పాఠాలొచ్చాయి" అని వీధి చివర్నుంచే కేకేసేవాడు. ఊరంతటికీ తెలిసిపోయింది కాబట్టి మానేయడానికి మొహం చెల్లలేదు. అదొక మేలు.

వేసవిలో వాల్తేరులో కాంటాక్టు క్లాసులుండేవి. అక్కడ బొబ్బిలి నుంచి వచ్చే ఒకాయనతో స్నేహమైంది. ఆయన స్కూల్లో క్లర్కు. నెలకో ఉత్తరం రాసుకునేవాళ్ళం, ఎన్ని పాఠాలయ్యాయి అని. నిజం చెప్పొద్దూ, నేను పాసయింది ఆ ఉత్తరాల వల్లే. ఆయనకి అబద్ధం రాయడం ఇష్టంలేక చదివాను.

ఆ తర్వాతే 1982లో నాగార్జునసాగర్‌లో ఓపెన్ యూనివర్సిటీ వచ్చింది, దేశంలో అదే మొదటిది. ఇప్పుడు అంబేద్కర్ పేరు మీద ఉన్నదదే. దాన్ని నడిపిన జి. రాంరెడ్డి గారే తర్వాత ఢిల్లీలో జాతీయ ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నోకి కూడా మొదటి వైస్ చాన్సలర్. కాబట్టి ఇదేదో నిన్న ఫోన్లతో పాటు పుట్టిన చదువు కాదని మీ మామగారికి చెప్పండి.

ప్రమోషన్ ఇంటర్వ్యూలో "కరెస్పాండెన్సా?" అని ఒకాయన మూతి విరిచాడు. పక్కనున్న ఆయన బ్యాంక్ రీకన్సిలియేషన్, అంటే మన పద్దునీ బ్యాంకు పద్దునీ సరిచూడటం గురించి అడిగాడు. చెప్పాను. ఇచ్చారు.

కామర్స్_సార్ | జూన్ 11, రాత్రి 8:30

నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తాను, కాబట్టి రెగ్యులరే గొప్పదని రాస్తానని మీరనుకోవచ్చు. మా క్లాసులో అరవైమంది పేర్లుంటే పద్దెనిమిది మంది వస్తారు. మిగతావాళ్ళు స్విగ్గీ చేస్తుంటారు, గ్రూప్స్ కోచింగుకి పోతుంటారు. వాళ్ళ డిగ్రీ మీద మాత్రం రెగ్యులర్ అని ఉంటుంది.

అయినా ఒక మాట. కామర్స్ చూస్తే వచ్చేది కాదు, చేస్తే వచ్చేది. వీడియోలో సార్ లెడ్జరు వేస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. మీరే కాగితం మీద ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల డెబిట్, క్రెడిట్ మొత్తాలు సరిచూసే పట్టిక) వేస్తే 450 రూపాయలు తేడా వస్తుంది. ఆ 450 ఎక్కడ పోయిందో రాత్రి పదకొండింటికి వెతుక్కునే ఓపిక ఉందా? టాలీ మీకు ఆ పని నేర్పదు, అది తనే సరిపెట్టేస్తుంది. మీ ఆరేళ్ళ అనుభవానికి ఉన్న లోటు అదే, తప్పుగా అనుకోకండి.

డబ్బు కట్టకుండా ముందు మిమ్మల్ని మీరు పరీక్షించుకునే దారి ఉంది. ఇగ్నో బి.కాం. పుస్తకాలు వాళ్ళ ఈజ్ఞానకోశ్ సైటులో ఉచితం. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్లో పాఠాలు వినడానికీ డబ్బక్కర్లేదు. ఫైనాన్షియల్ అకౌంటింగ్ మొదటి బ్లాకు, అంటే మొదటి భాగం, దింపుకుని మూడు వారాలు చదవండి. గోడ క్యాలెండర్ మీద, కూర్చున్న రోజు టిక్కు పెట్టండి. లెక్క చేస్తేనే టిక్కు. వీడియో చూస్తే లేదు.

గాజువాక_గౌరి | జూన్ 11, రాత్రి 11:55

సార్, మీ మాట కొంచెం గుచ్చుకుంది. రేపు లంచ్‌లో ఆ పిల్లని ట్రయల్ బ్యాలెన్స్ అడుగుతాను. నేను తనకి టాలీ నేర్పాను కదా.

పరీక్ష మొదలుపెడుతున్నాను. మూడు వారాలయ్యాక వచ్చి చెప్తాను.

గాజువాక_గౌరి | జూలై 3, రాత్రి 10:20

వచ్చాను. 21 రోజుల్లో టిక్కులు 13.

మొదటి వారం రాత్రిపూట కూర్చున్నాను. మూడు టిక్కులే. పుస్తకం మీదే నిద్రపోయేదాన్ని, ఒకరోజు బుగ్గ మీద బాల్‌పెన్ గీతతో ఆఫీసుకి వెళ్ళిపోయాను. రెండో వారం నుంచి తెల్లారగట్ట నాలుగున్నరకి మార్చాను. వంటింటి గట్టు మీద పాలు పెట్టి పక్కనే నిలబడి చదవడం. పాలు పొంగినరోజు కూడా టిక్కు పెట్టాను, లెక్క తేలింది కాబట్టి. వినాయకుడి క్యాలెండర్ మీద మా చిన్నది ఎర్ర స్కెచ్‌తో టిక్కులు తనే పెడతానంటుంది. పెట్టని రోజు "అమ్మా, ఈరోజు నువ్వు ఆబ్సెంటు" అంటుంది.

ఇంగ్లీషే ఇబ్బంది. 'డిప్రిషియేషన్' అని ఆఫీసులో రోజూ అంటాం, పుస్తకంలో దాని గురించి నాలుగు లైన్లు చదవాలంటే రెండుసార్లు ఆగాల్సొస్తోంది. తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకంలో తరుగుదల అధ్యాయం ముందు చదివి, తర్వాత దీనికి వస్తే నడుస్తోంది.

ట్రయల్ బ్యాలెన్స్ సరిపోయింది సార్. మొదటిసారి 900 తేడా వచ్చింది. 450 రెండో పక్క రాశాను. ఆ పిల్లే పట్టుకుంది.

ఇంకోటి తేల్చుకున్నాను. ఆన్‌లైన్ వద్దు. దూరవిద్యలోనే చేరతాను, ఇగ్నో బి.కాం. అనుకుంటున్నాను. పుస్తకమైతే వాడి హోమ్‌వర్కుకి అడ్డం రాదు, ఛార్జింగ్ అక్కర్లేదు, పాల గిన్నె పక్కన పెట్టుకోవచ్చు. పరీక్ష సెంటర్లో, పెన్నుతో. నాకు కావాల్సింది అదే. ఆ మూడు గంటలు నన్నెవరూ అమ్మా అని పిలవరు.

కామర్స్_సార్ | జూలై 4, ఉదయం 7:10

పదమూడు తక్కువేం కాదు. అసైన్‌మెంట్లు చేత్తో రాయాలి, వాటికి 30 శాతం మార్కులు, పరీక్షకి 70. అసైన్‌మెంట్లు చివరి వారానికి పెట్టుకోకండి, అందరూ మునిగేది అక్కడే. పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో. మూడేళ్ళ డిగ్రీకి ఆరేళ్ళ గడువిస్తారు. ఆరేళ్ళుంది కదా అనుకున్నవాళ్ళు ఆరేళ్ళకీ పూర్తి చేయరు. అది వేరే కథ.

హెచ్‌ఆర్_హైదరాబాదీ | జూలై 4, ఉదయం 9:45

చేరే ముందు డెబ్ ఐడీ, అంటే యూజీసీ దూరవిద్యా బ్యూరో నంబరు, చేసుకోవాలి. 2024 నుంచి దూరవిద్యకీ ఆన్‌లైన్‌కీ అది తప్పనిసరి చేశారు. డిజిలాకర్‌లో ఏబీసీ ఐడీ (చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు) తీసుకుని, దాంతో యూజీసీ పోర్టల్లో మీరే చేసుకోవచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, నెట్ సెంటర్‌వాడికి ఓటీపీలు చెప్పకండి. పేరు అన్ని కాగితాల్లో ఒకేలా ఉందా?

గాజువాక_గౌరి | జూలై 4, రాత్రి 9:30

లేదండీ. అక్కడే ఆగిపోయాను. టెన్త్ మెమోలో పుట్టింటి ఇంటిపేరు. ఆధార్‌లో అత్తింటిది, పెళ్ళయ్యాక మార్పించారు. నన్నెవరూ అడగలేదు, రేషన్ కార్డుకి కావాలన్నారు, మార్చేశారు.

గోదారి_పిల్ల | జూలై 4, రాత్రి 9:41

అక్కా, ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు. ఒకటి అయిపోయింది మీకు. జాగ్రత్త.

రిటైర్డ్_క్యాషియర్ | జూలై 5, ఉదయం 8:00

మెమో ఒరిజినల్ పట్టుకెళ్ళమ్మా. మెమోలో అక్షరం ఎలా ఉంటే అలాగే. నీకు నచ్చినట్టు కాదు, మెమోలో ఉన్నట్టు. అయ్యాక, నెలకొకసారి ఇక్కడ రాస్తూ ఉండు, ఎన్ని పాఠాలయ్యాయో. నేను చూస్తుంటాను.

గాజువాక_గౌరి | జూలై 6, రాత్రి 10:05

రాస్తానండి. మీకు అబద్ధం రాయను.

రేపు ఆఫీసుకి ఒక పూట సెలవు పెట్టి ఆధార్ సెంటర్‌కి వెళ్తున్నాను. ఇప్పుడే ఫారం పెన్సిల్‌తో నింపుతున్నాం. మావాడు మెమో పట్టుకుని ఒక్కో అక్షరం చదువుతున్నాడు, నేను రాస్తున్నాను. గౌరికి మెమోలో 'ఓ డబ్ల్యూ' ఉంది. ఆధార్‌లో 'ఏ యూ'. ఇన్నేళ్ళూ నేను సంతకంలో పెట్టింది 'ఓ యూ'. మావాడు మూడూ చూసి "వీళ్ళలో నువ్వెవరమ్మా" అన్నాడు. 'ఓ డబ్ల్యూ' అని చెప్పి రబ్బరు అడిగాను.